మిట్టమధ్యాహ్నపు గోడ

హైదరాబాద్,
ఫిబ్రవరి 20, 2008

అన్నకు వందనాలు.

నిన్న ఫోన్ చేస్తే "ఆఁ, మంచిగనే ఉంది" అని పెట్టేశావు. గోడ ఎట్లా ఉందన్నా అదే మాట. బుజ్జమ్మ వదిన ఎట్లా ఉందన్నా అదే మాట. మోకాలి నొప్పి తగ్గిందా అంటే కూడా అదే. నాన్న బొంబాయిలో పనికి పోయినప్పుడు అమ్మ చెబుతుంటే ఉత్తరం రాసింది నువ్వే కదా. మేకపిల్ల దగ్గింది కూడా వదలకుండా రాసేవాడివి. నాకూ అట్లాగే రాయి. ఫోన్‌లో నిన్ను మాట్లాడించే ఓపిక నాకు లేదు.

గద్వాలలో దశరథం సేటు విత్తనాల ఆఫీసుకు నేను గీసిన అద్దాల గోడ లేచి నెల కావస్తోంది. దానికి కాపలాగా నిన్ను పెట్టించింది నేనే కాబట్టి, అది ఏం చేయాలో నీకు సరిగ్గా తెలియాలి. ఒక్కో పలకలో రెండు అద్దాలు, వాటి మధ్య పల్చటి పొర. కరెంటు లేనప్పుడు ఆ పొర పాలలాగా తెల్లగా ఉంటుంది. కరెంటు తగిలితే తేటపడి లోపలి బల్లలు, మనుషులు కనిపిస్తారు. పలక కింద గోరంత కన్ను ఉంది. మనిషి పది అడుగుల దగ్గరికి వస్తే అది ఒంటి వేడిని పసిగట్టి పలకను తేటపరుస్తుంది, దాన్నే మేం తెరుచుకోవడం అంటాం. మనిషి నడుస్తుంటే పలకలు ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటూ పోవాలి. ఏ రెండు పలకలూ ఒకే కొలతలో లేవు. నేను కంప్యూటర్లో గీసిన గీతను బట్టి మిషనే అద్దాన్నీ చట్రాన్నీ కోసింది. ఆ గీతలతోనే నా కళ్లు పోయాయి.

ఈ గోడ ఎండాకాలం దాటితే నాగర్‌కర్నూలులో డాక్టర్ నవనీత గారు కట్టించే కాన్పుల దవాఖాన పని మాకు వస్తుంది. అక్కడ జనం కూర్చునే హాలు మొత్తం అద్దమే. లోపల మనుషులున్నారని కన్ను చెబితే పైన కిటికీ రెక్కలు తెరుచుకుని గాలి ఆడాలి. "గద్వాలలో నెగ్గితే అది నీ పేరు మీదనే చేయిస్తాను" అన్నారు మా ఆఫీసు పెద్ద భాస్కర్ సారు. ఇన్నాళ్లూ నేను గీసిన వాటి మీద ఎవరెవరి పేర్లో ఉన్నాయి. ఒక్కదాని మీదైనా నా పేరు చూసుకోవాలని ఉంది అన్నా.

అందుకే గోడ ఏం చేస్తే అది రాయి.

నీ చెల్లె,
రేఖ


గద్వాల,
మార్చి 16, 2008

చెల్లె రేఖకు అన్న సాంసన్ దీవెనలు.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ వదిన పడీ పడీ నవ్వింది. "మీ చెల్లె నిన్ను మంచిగ పట్టుకున్నది. నాకు గూడ గదే జవాబు చెప్తవు" అన్నది.

నేను కూర్చునే చోటు చెబుతాను. నీ అద్దాల గోడకూ లోపలి పెద్ద కిటికీల గోడకూ మధ్య సందు ఉంది కదా, అందులో ఒక మూల రంగు డబ్బా బోర్లేసుకుని కూర్చుంటాను. ఎదురుగా ఫిట్టర్లు పరీక్ష కోసం పెట్టిన స్విచ్‌లు, పలకకు ఒకటి. ముట్టొద్దని చెప్పి పోయారు. చివరి పలక పక్కన వేలు పట్టేంత సందులోంచి రోడ్డు కనిపిస్తుంది. బెంగళూరులో అంత ఎత్తున తాళ్లకు వేలాడి అద్దాలు బిగించినవాడికి ఇది దొరల పని. మోకాలు కూడా ఏమీ అనడం లేదు.

గోడ మంచిగనే ఉంది. కోప్పడకు, ఇంకా రాస్తున్నాను.

పొద్దున ఆఫీసువాళ్లు వస్తుంటే పలకలు టకటకా తెరుచుకుంటాయి. వాళ్లకు అలవాటైంది, చూడను కూడా చూడరు. ఊళ్ల నుంచి విత్తనాలకు వచ్చేవాళ్లే చెప్పులు విడిచి నిలబడతారు. నిన్న కురుమయ్య అనే పెద్దాయన గొంగడి భుజాన వేసుకుని వచ్చాడు. పలక తెరుచుకునేసరికి రెండడుగులు వెనక్కి పోయాడు. మూసుకుంది. ముందుకొచ్చాడు. తెరుచుకుంది. "ఏంది బిడ్డా, గీ గోడకు పానమున్నదా?" అని అడిగాడు. "మా చెల్లె పోసింది తాతా" అన్నాను. గోడకు దండం పెట్టి పోయాడు. ఆ దండం నీకే చేరాలి.

రోడ్డు అవతల రాములమ్మ అని ఒకామె గొడుగు కింద ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతుంది. నీ గోడ మీద ఆమెకు పెద్దగా గౌరవం లేదు. "అద్దం పెట్టుకునేది మొకం చూసుకునేటందుకు. మొకమే కనబడని అద్దమెందుకు?" అంటుంది.

ఎండలు ముదిరాయి. మొన్న మధ్యాహ్నం ఇద్దరు వచ్చి నిలబడితే గోడ ఎందుకో మొరాయించింది. సాయంత్రానికి సర్దుకుంది. నువ్వు పరేషాన్ కావద్దు.

నీ అన్న,
సాంసన్


హైదరాబాద్,
మార్చి 24, 2008

అన్నకు వందనాలు.

పరేషాన్ కావద్దని రాశావు గానీ నీ ఉత్తరంలో ఆఖరి మాట చదివినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు. మొరాయించడమంటే ఏమిటి? ఎంతసేపు? ఎన్ని పలకలు? నేను ఇక్కడ పరీక్ష చేసినప్పుడు కన్ను ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. యాభై డిగ్రీల వేడికైనా ఆ కన్ను చెడిపోదని తయారుచేసినవాళ్లే రాసిచ్చారు.

భాస్కర్ సారుకు ఇంకా చెప్పలేదు. చెబితే నాగర్‌కర్నూలు పని అప్పుడే చేజారిపోతుంది. "చిన్న ఊళ్లో ఇంత పెద్ద ప్రయోగం ఎందుకు" అన్నవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. నేను ఏ ఊరి నుంచి వచ్చానో, ఎవరి బిడ్డనో మీటింగుల్లో నవ్వుతూ గుర్తుచేసేవాళ్లూ ఉన్నారు. ఇది తప్పితే వాళ్లు నాకు ఇంకోటి ఇవ్వరు అన్నా. మళ్లీ బాత్రూం తలుపుల బొమ్మలు గీసుకోవడమే.

వనపర్తి పాలిటెక్నిక్‌లో చేర్చడానికి వచ్చినప్పుడు బస్సులో నన్ను కూర్చోబెట్టి నువ్వు దారంతా నిలబడే వచ్చావు. ఇప్పుడూ నేను కూర్చునే ఉన్నాను, కానీ అప్పటి కంటే ఎక్కువ అలసటగా ఉంది.

మధ్యాహ్నాలు ఎట్లా ఉందో తప్పకుండా రాయి.

రేఖ


గద్వాల,
ఏప్రిల్ 20, 2008

చెల్లె రేఖకు దీవెనలు.

నువ్వు కడుపునిండా అన్నం తిను. గోడ ఇప్పుడు మొరాయించడం లేదు. పొద్దున ఎట్లా ఉందో మిట్టమధ్యాహ్నం అంతకంటే మంచిగా ఉంది.

కురుమయ్య తాత ఈసారి మధ్యాహ్నం పూట మనుమరాలిని తీసుకొచ్చి చూపించాడు. ఆ పిల్ల అటూ ఇటూ ఉరికితే పలకలన్నీ ఆమె వెంట ఉరికాయి. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. చాలాసేపు ఆడుకుంది. నాకే ఆయాసమొచ్చింది.

రాములమ్మ ఇప్పుడు పల్లికాయ మానేసి ముంజలు అమ్ముతోంది. పొద్దంతా ఎండలో కూర్చుని వాడిపోతుంది. మొన్న ఆమె గొడుగు కింది నుంచి ఇటు చూసిందో లేదో పెద్ద పలక తెరుచుకుంది. లోపల ఫ్యాను కింద మేనేజరు నోరు తెరిచి కునుకు తీస్తున్నాడు. ఆమె నవ్వలేక చచ్చింది. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఒకసారి ఇటు చూస్తుంది, రోజూ పలక తెరుచుకుంటుంది. ముంజలు పంపిస్తుంది.

ఒక్కటే చిక్కు. దశరథం సేటు అల్లుడు రోజూ మధ్యాహ్నం భోజనానికి వస్తాడు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను మెట్ల మీద చూస్తే, "లేవుండ్రి, లేవుండ్రి, గిది బస్టాండా?" అని కసురుతాడు. అతను వస్తే మాత్రం గోడ తెరుచుకోదు. గుద్దినా తెరుచుకోదు. ఎందుకో నాకు తెలియదు.

మీ వదిన మాత్రం సతాయిస్తోంది. "సాయంత్రం ఇంటికొస్తే కాల్చిన మక్కకంకి లెక్క వస్తున్నవు. కూసునే పనికి గింత చెమటెందుకు?" అంటుంది. ఆడవాళ్లకు ఏం చెప్పగలం. మధ్యాహ్నం లేవడానికి వీలుపడదు కాబట్టి అన్నం నాలుగింటికి తింటున్నాను, అంతే.

నీ పేరు రాసే పలక ఎంత పెద్దగా ఉంటుందో నాకు ముందే చెప్పు.

నీ అన్న,
సాంసన్


హైదరాబాద్,
మే 8, 2008

అన్నకు వందనాలు.

సేటు ఆఫీసు నుంచి భాస్కర్ సారుకు ఉత్తరం వచ్చింది. గోడ ఎండల్లోనే ఇంకా చురుగ్గా ఉందట. సారు అందరి ముందూ చదివారు. నవ్వేవాళ్లు నవ్వలేదు. డాక్టర్ నవనీత గారు ఈ నెలాఖరుకు సంతకం చేస్తారు. దవాఖాన హాలుకూ అవే కళ్లు, అదే పద్ధతి.

సంతోషించాలి. కానీ ఒళ్లు ఎంత బరువుగా ఉందంటే, సంతోషించడం కూడా ఎవరో పురమాయించిన పనిలాగా ఉంది.

అల్లుడి సంగతి చూసి వారమంతా ప్రోగ్రాము తిరగేశాను. అతను ఏ రంగు బట్టలు వేసుకుంటాడో, సెంటు ఎక్కువ పూసుకుంటాడేమో అని కూడా ఆలోచించాను. కారణం దొరకలేదు.

ఇంకో సంగతి. మే మొదటి వారంలో రెండు మధ్యాహ్నాలు గోడ అసలు తెరుచుకోలేదని మేనేజరు రాశాడు. పొద్దున, సాయంత్రం బాగానే ఉందట. నువ్వు నాకు రాయలేదేం?

రేఖ


వీపనగండ్ల,
మే 13, 2008

చెల్లెకు దీవెనలు.

నీ ఉత్తరాన్ని మీ వదిన గద్వాల నుంచి తెచ్చి ఇచ్చింది. నేను ఊరికి వచ్చాను. జర వడదెబ్బ తగిలింది. దవాఖానలో రెండు రోజులు గ్లూకోజు పెట్టారు. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను, అంబలి తాగుతున్నాను. నువ్వు బస్సెక్కి రావద్దు.

గోడ కూడా నాతోపాటే సెలవు పెట్టిందేమో. సోమవారం పనికి పోతాను. మళ్లీ అంతా మంచిగనే ఉంటుంది.

సాంసన్


హైదరాబాద్,
మే 17, 2008

అన్నా,

నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి మళ్లీ చదివాను.

రాములమ్మ రోడ్డు అవతల కూర్చుంటుంది. నా కన్ను చూపు పది అడుగులు. అది రాములమ్మను ఎట్లా చూసింది? కసిరే అల్లుణ్ని గుర్తుపట్టి మూసుకునే తెలివి నా ప్రోగ్రాముకు ఎవరిచ్చారు? నువ్వు దవాఖానలో పడుకున్న రెండు మధ్యాహ్నాలూ గోడ ఎందుకు మూసుకుంది? పిల్ల ఉరికితే నీకెందుకు ఆయాసం వచ్చింది?

స్విచ్‌లు నొక్కుతున్నది నువ్వు. ఎండకు కాలిపోయే ఆ అద్దాల సందులో, రంగు డబ్బా మీద కూర్చుని, మధ్యాహ్నమంతా నా గోడకు బదులు నువ్వు పనిచేశావు. దాంతోనే వడదెబ్బ తగిలింది. నీకేమైనా అయి ఉంటే వదినకు నేను ఏమని చెప్పేదాన్ని?

ఎందుకు మొరాయించిందో ఇప్పుడు తెలిసింది. కన్ను చెడిపోలేదు. అది చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా ఉన్నదాన్నే మనిషి అనుకుంటుంది. నేను పరీక్ష చేసింది ఇక్కడ, డిసెంబరులో, ఏసీ గదిలో. మన దగ్గర ఎండ ముదిరితే గాలి వేడి, ఒంటి వేడి ఒకటే అవుతాయి. అప్పుడు దాని ముందు వంద మంది నిలబడ్డా ఎవరూ లేనట్టే. ఆ ఎండలో పుట్టి, ఆ ఎండలో కలుపు తీసిన అమ్మకు పుట్టి, ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు. ఏ పుస్తకంలోనూ లేదని సాకు చెప్పుకోలేను.

ఇప్పుడు అవే కళ్లు నాగర్‌కర్నూలు హాలులో పెట్టబోతున్నారు, గద్వాల గోడను చూసి. తెలకపల్లి నుంచో ఇంకెక్కడి నుంచో నిండు చూలాళ్లు వచ్చి మధ్యాహ్నం ఆ అద్దాల మధ్య కూర్చుంటారు. లోపల ఎవరూ లేరనుకుని రెక్కలు మూసుకునే ఉంటాయి.

సారుకు చెప్పేస్తాను. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు.

రేఖ


గద్వాల,
మే 21, 2008

చెల్లె రేఖకు,

చెప్పకు.

నువ్వన్నది అంతా నిజమే. ముందు నీ కోసమే నొక్కాను. "ఇది తప్పితే ఇంకోటి ఇవ్వరు" అని నువ్వు రాశావు, ఆ ఉత్తరం అందిన మర్నాడే మొదలుపెట్టాను. తర్వాత నీ కోసం ఒక్కదానికే కాదు. ఆఫీసువాళ్లు పొద్దున చల్లగా వస్తారు, గోడ వాళ్లకు తెరుచుకుంటుంది. కూలోళ్లు, రైతులు రెండు బస్సులు మారి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పుడు మూసుకుంటుంది. చెప్పులు విడిచి ఆశగా నిలబడి, తెరుచుకోకపోతే తప్పు తమదే అన్నట్టు దిగిపోతారు. ఇంటి ముందుకొచ్చిన మనిషిని "రాండ్రి" అని పిలవకపోతే అమ్మ మనల్ని కొట్టేది, గుర్తుందా? గోడ నీది. నీ గోడ అట్లా చేస్తే నేను చూస్తూ కూర్చోలేకపోయాను.

నాగర్‌కర్నూలులో కూడా ఒక స్విచ్ బోర్డు పెట్టించు. నేను పోయి కూర్చుంటాను. ఎవరికీ తెలియదు. నీ పేరు నిలబడుతుంది.

సాంసన్


హైదరాబాద్,
మే 24, 2008

అన్నా,

నువ్వు రెండు రోజులు పడుకుంటే గద్వాలలో అద్దం తెల్లగా ఉండిపోయింది, అంతే. అక్కడ నువ్వు ఒక్క పూట పడుకుంటే ఏమవుతుందో ఆలోచించు.

సారుకు చెప్పాను. నమ్మలేదు. పని ఇష్టం లేక సాకులు చెబుతున్నానన్నారు. అందుకే శుక్రవారం మధ్యాహ్నం ఆయననూ డాక్టర్ గారినీ తీసుకుని వస్తున్నాను. గోడ ముందు నేనే నిలబడతాను. నువ్వు లోపల ఎప్పటిలాగే కూర్చో, లేకపోతే కాపలా లేనప్పుడు ఎవరో గోడను ఆపేశారని అంటారు. స్విచ్ మాత్రం ముట్టొద్దు. నా మీద ఒట్టు.

రేఖ


వీపనగండ్ల,
జూన్ 2, 2008

చెల్లె రేఖకు అన్న సాంసన్ దీవెనలు.

మీ సారు పక్కన ఉండబట్టి నువ్వు నాతో సరిగ్గా మాట్లాడకుండానే కారెక్కావు. కొత్తకోట దగ్గర టీకి కూడా ఆగలేదని వదినతో ఫోన్‌లో చెప్పావంట. లోపల నేనెట్లా ఉన్నానో నువ్వు అడగలేదు. అది రాస్తున్నాను.

మీరు వచ్చారని తెలియగానే రోడ్డు కనిపించే ఆ వేలంత సందులో గుడ్డ కుక్కాను. నిన్ను చూస్తే చెయ్యి ఆగదని తెలుసు. గుడ్డ కుక్కినా లాభం లేకపోయింది. నువ్వు అద్దానికి మరీ దగ్గరగా వచ్చావు. తెల్లటి అద్దంలో మసగ్గా నీ నీడ పడింది. ఎడమ కాలు మీద బరువు వేసి నిలబడ్డావు, చిన్నప్పుడు రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

డాక్టరమ్మ రాములమ్మ గొడుగు కింది నుంచి, "ఇంకెంతసేపమ్మా?" అనడం వినిపించింది. నువ్వు, "ఇక్కడ జనం నిలబడేంతసేపు మేడం" అన్నావు. నీ నీడ ఒకసారి ఊగింది. నా చెయ్యి బయటికి వచ్చింది. మళ్లీ లోపల పెట్టుకున్నాను. వేలాడిన తాడు జారి మోకాలు విరిగిన రోజు కూడా నాకు ఇంత కష్టం కాలేదు. ఏడ్చాను. చెమటలో కలిసిపోయింది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అప్పుడు రాములమ్మ అరిచింది కదా, "ఓ సాంసన్! ఏం చేస్తున్నవురా లోపల? నీ చెల్లె ఎండల నిలబడ్డది, కండ్లు కనబడ్తలేవా? జర తెరువు!" అని. ఆమెకు మొదటి నుంచీ తెలుసంట. తర్వాత అడిగితే, "అద్దానికి నా మీద ప్రేమెందుకుంటది? లోపల మనిషే ఉన్నడనుకున్న" అన్నది. మనం ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం, ఆమె ముంజలు పంపిస్తూ ఊరుకుంది.

మీరు పోయాక దశరథం సేటు నన్ను పిలిచాడు. "ఇన్నొద్దులు తెరిచింది నువ్వేనారా?" అన్నాడు. అవునన్నాను. "అయితే మా అల్లుడొచ్చినప్పుడు?" అన్నాడు. నేను నేల చూశాను. సేటు మొహం తిప్పుకున్నాడు. నవ్వు ఆపుకున్నాడని నా అనుమానం. అల్లుడు మాత్రం నవ్వలేదు. "రేపటి సంది రాకు" అన్నాడు. సంచి సర్దుకుని ఊరికి వచ్చాను.

దవాఖాన మీద నీ పేరు ఉండదని, నిన్ను మళ్లీ తలుపుల బొమ్మలకు వేశారని వదిన చెప్పింది. నాకు బాధగా ఉంది. అది దాచను. నువ్వు చేసింది తప్పని మాత్రం అనను.

డాక్టరమ్మ అద్దాలు తగ్గించి, రెక్కలకు చేత్తో తిప్పే పిడి పెట్టించమన్నదంట కదా. ఆఖరి బొమ్మ నువ్వే గీసిచ్చి పోవాలంట. పిడి పక్కన ఒక కుర్చీ గీయి. వీపు ఆనేది, రంగు డబ్బా కాదు. దాని మీదికి గాలి వచ్చేటట్టు, మంచినీళ్ల కుండ అందేటట్టు చూడు. అందులో నన్ను కూర్చోబెట్టాలని చూడకు, నాకు ఇక ఓపిక లేదు. ఎవరు కూర్చున్నా సరే, వాళ్లకు ఎండ తగలకూడదు.

నీ అన్న,
సాంసన్